లేజర్ ప్రింటరుకు ఏ కాగితం? – ఒక స్టేషనరీ ఉద్యోగి అనుభవాలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రాజమహేంద్రవరంలోని మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చి చెప్పింది. ఈ రోజున ఈ వేదిక మీద కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి, పాత బకాయిల గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఈ ఏడాది మాత్రం కార్యదర్శిగారు నన్ను పక్కకు పిలిచి, "మీరు కాగితం గురించి మాట్లాడాలండీ" అన్నారు. మొదట వేళాకోళం అనుకున్నాను. తరువాత అసలు సంగతి చెప్పారు.

సంగతి మీకూ తెలుసు. కిందటేడు మన సంఘం ఒక లేజర్ ప్రింటరు కొన్నది. నెలనెలా వచ్చే ఈ పత్రిక, సభ్యుల అర్జీలు, సర్క్యులర్లు అన్నీ ఇప్పుడు దాని మీదే అచ్చవుతున్నాయి. ప్రింటరు వచ్చిన రోజు నుంచీ కార్యవర్గంలో కాగితం మీద మూడు పక్షాలు ఏర్పడ్డాయి. కోశాధికారిగారిది చవక పక్షం. "అచ్చు పడితే చాలదా?" అంటారు. ఉపాధ్యక్షులవారిది దళసరి పక్షం. "సంఘం గౌరవం కాగితంలో కనపడాలి" అంటారు. మన కుర్రకారు, అంటే అరవై రెండు అరవై మూడేళ్ళ వారు, పర్యావరణ పక్షం. "రీసైకిల్ కాగితం తప్ప మరొకటి ముట్టకూడదు" అంటారు. ముప్పై మూడేళ్ళు స్టేషనరీ సెక్షన్‌లో రీములు లెక్కపెట్టినవాణ్ణి గనుక తీర్పు చెప్పమని నాకు అప్పగించారు. నేను న్యాయమూర్తిని కాను. ఈ విషయంలో ఒకప్పుడు తప్పు చేసిన ముద్దాయిని. ఆ తప్పు సంగతి కూడా ఈ రోజు మీ ముందు చెప్పుకుంటాను.

కాగితం మన తరానికి కొత్త కాదు. దస్తాలు, ఠావులు లెక్కపెట్టి ఇండెంట్లు రాసిన చేతులు మనవి. ఫుల్‌స్కేపు కాగితాన్ని నిలువుగా మడిచి సగం మార్జిన్ వదిలి నోట్ రాశాము. చిత్తుప్రతికి బాదామి కాగితం, టైపుకు బాండ్ కాగితం, నకళ్ళకు పల్చటి మానిఫోల్డ్ కాగితం, సైక్లోస్టైల్‌కు ఇంకు పీల్చే డూప్లికేటింగ్ కాగితం వాడాము. ఏ పనికి ఏ కాగితమో అటెండరుకు కూడా తెలిసేది. వచ్చిన కవరు మీద ఎకానమీ స్లిప్పు అంటించి మళ్ళీ పంపిన వాళ్ళం. పర్యావరణం అనే మాట అప్పుడు మన నోట లేకపోయినా పని మాత్రం అదే చేశాము.

లేజర్ ప్రింటరు వచ్చాక ఈ వివేకం మనకు తప్పిపోయింది. అన్నీ తెల్లగానే ఉన్నాయి కదా, ఏదైతేనేం అనుకున్నాము. కాని ఆ యంత్రం చేసే పని వేరు. అది తెలిస్తే ఏ కాగితం ఎందుకు కావాలో దానంతటదే బోధపడుతుంది.

మన టైపు మిషనులో అక్షరం కాగితాన్ని కొట్టేది. సైక్లోస్టైల్‌లో ఇంకు కాగితంలోకి ఇంకేది. లేజర్ ప్రింటరులో కొట్టడమూ లేదు, ఇంకడమూ లేదు. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన స్థిర విద్యుత్తు సాయంతో పొడిని కాగితం మీదకు రప్పించి నకలు తీసే పద్ధతి కనిపెట్టారు. మనం జిరాక్స్ అంటున్నది దానినే. జిరాక్స్ కంపెనీలో పనిచేసిన గ్యారీ స్టార్క్‌వెదర్ దానికి లేజర్ కిరణాన్ని జోడించారు. 1984లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ లేజర్‌జెట్‌ను విడుదల చేశాక ఈ యంత్రం బల్లల మీదకు ఎక్కింది. లోపల జరిగేది ఇది. లేజర్ కిరణం ఒక డ్రమ్ము మీద అక్షరాల ఆకారాన్ని విద్యుత్తుతో గీస్తుంది. టోనరు అనే నల్లటి పొడి అక్కడ అంటుకుంటుంది. ఆ పొడి కాగితం మీదకు దిగుతుంది. చివర ఫ్యూజర్ అనే వేడి రోలరు, సుమారు 200 డిగ్రీల వేడితో, కాగితానికి ఇస్త్రీ చేస్తుంది. టోనరులో ఉన్నది ప్లాస్టిక్ వంటి పదార్థం. అది కరిగి కాగితానికి అతుక్కుంటుంది.

అంటే అక్షరం కాగితం పైన కూర్చుంటుంది, లోపలికి పోదు. ఇస్త్రీ సరిగా పడితేనే అక్షరం నిలుస్తుంది. అలా పడాలంటే కాగితం నునుపుగా ఉండాలి, మరీ దళసరిగా ఉండకూడదు, చెమ్మ పట్టి ఉండకూడదు. ఈ మాటలు నాకు ఎవరైనా 1997లో చెప్పి ఉంటే ఒక ఇల్లాలికి అయిదు నెలల తిప్పట తప్పేది.

ఆ ఏడే మా కార్యాలయానికి మొదటి లేజర్ ప్రింటరు వచ్చింది. దాన్ని చూడడానికి పక్క సెక్షన్లవాళ్ళు కూడా వచ్చారు. కాగితం సరఫరా నాది. మామూలు కాగితంతో పాటు స్టోరులో ఖరీదైన బాండ్ కాగితం కొంత మిగిలి ఉంది. చాలా దళసరి, పైన గీతలు గీతలుగా గరుకు. చేతిలోకి తీసుకుంటే పెళ్ళి శుభలేఖలా ఉండేది. ముఖ్యమైన ఉత్తర్వులన్నీ దాని మీదే అచ్చు వేయించాలని నేనే నోట్ పెట్టాను. పదికాలాల పాటు ఉండవలసిన పత్రాలు గట్టి కాగితం మీద ఉండాలన్నది నా వాదన. పై అధికారి మెచ్చుకుని సంతకం చేశారు. ఉత్తర్వులు చూడముచ్చటగా వచ్చాయి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత నాకు అప్పుడు గుర్తు రాలేదు.

మా దగ్గర పనిచేసిన ఒక రికార్డు అసిస్టెంటు 1999లో రిటైరయ్యాడు. ఆయన పే ఫిక్సేషన్ సవరణ ఉత్తర్వు ఆ కాగితం మీదే ఇచ్చాము. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి ట్రంకు పెట్టెలో భద్రం చేసుకున్నాడు. నేను 2006లో రిటైరయ్యాను. 2011లో ఆయన కాలం చేశాడు. కొన్నాళ్ళకు ఆయన భార్య మన సంఘం ఆఫీసుకు వచ్చింది. రావలసిన బకాయిలు ఉన్నాయి, వాటికి ఆ ఉత్తర్వు ఆధారం. మడత విప్పి బల్ల మీద పరిచింది. మడత పడిన చోటల్లా అక్షరాలు రాలిపోయి తెల్లటి గీత మిగిలింది. సరిగ్గా అడ్డ మడత మీద ఉన్న వరుసలో సవరించిన జీతం అంకె, అమలు తేదీ ఉండాలి. అక్కడ ఏమీ లేదు. వేలితో తడిమితే నల్లటి పొడి వేలికి అంటింది.

దళసరి కాగితం ఫ్యూజర్ వేడిని తాను మింగేసింది. గరుకు పల్లాల్లో పడిన పొడికి రోలరు ఒత్తిడి అందలేదు. అక్షరం కాగితం మీద కూర్చున్నదే గాని అతుక్కోలేదు. యంత్రంలో దళసరి కాగితానికి వేరే అమరిక ఉంటుందని అప్పట్లో మాకెవరికీ తెలియదు. పదేళ్ళకు పైగా ట్రంకు పెట్టెలో ఆ పొడి కొంచెం కొంచెంగా రాలిపోయింది.

నేను ఆవిడతో ఆఫీసుకు వెళ్ళాను. ఫైలు రికార్డు రూములో దొరకలేదు. మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ వెళ్ళాము. అలా అయిదు నెలలు తిరిగాక వేరొక ఫైలులో ఆ ఉత్తర్వు నకలు బయటపడింది. అది మామూలు జిరాక్స్ కాగితం మీద తీసిన నకలు. మడత పడినా ఒక్క అక్షరం చెదరలేదు. బకాయిలు వచ్చాయి. వచ్చిన రోజున ఆవిడ నాకు నమస్కారం పెట్టి, "మీరిచ్చిన కాగితం దళసరిగా ఉందని ఆయన ఎంతో మురిసిపోయేవారు అయ్యగారూ" అన్నది. నన్ను తప్పుపట్టాలని అన్న మాట కాదు. ఆవిడకు ఆ కాగితం ఎంపిక చేసింది నేనేనని తెలియదు కూడా. నేను చెప్పలేకపోయాను. ఈ రోజు ఈ సభలో చెబుతున్నాను.

కనుక ఉపాధ్యక్షులవారు క్షమించాలి. దళసరి పక్షం మొదటే ఓడిపోయింది.

ఇక కాగితం బరువు సంగతి. రీము కవరు మీద 70 జి.ఎస్.ఎం., 75 జి.ఎస్.ఎం., 80 జి.ఎస్.ఎం. అని ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అలాంటివి పదహారు పరిస్తే చదరపు మీటరు అవుతుంది. అంటే 80 జి.ఎస్.ఎం. కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు. 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. 75 అయితే రీము సుమారు 2 కిలోల 340 గ్రాములు. 70 అయితే సుమారు 2 కిలోల 190 గ్రాములు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, దుకాణంలో కవరు మీద 75 అని ఉండి లోపల 70 ఉంటే పట్టుకోవడానికి మన వంటింటి కాటా చాలు. పై కవరు బరువు కొద్ది గ్రాములు మినహాయించుకోండి. స్టోరులో ఉన్నప్పుడు సరఫరాదారుల సరుకును నేను అలాగే తూచి తీసుకునేవాణ్ణి.

జిరాక్స్ యంత్రం, లేజర్ ప్రింటరు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి గనుక కాపియర్ పేపర్ అని అమ్మేది మనకు సరిపోతుంది. దానికి భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 14490 అనే ప్రమాణం కూడా పెట్టింది. ఇంక్‌జెట్ ప్రింటరుకోసం పూత పూసిన మెరుపు కాగితం మాత్రం పొరపాటున కూడా ఇందులో పెట్టకండి. ఆ పూత ఫ్యూజర్ వేడికి కరిగి రోలరుకు పట్టుకుంటే కాగితంతో పోదు, యంత్రమే పోతుంది. ఉబ్బెత్తు అక్షరాల లెటర్‌హెడ్‌ల విషయంలోనూ అదే జాగ్రత్త.

ఇప్పుడు చవక పక్షం. కోశాధికారిగారు తెచ్చిన కాగితం మీద మొన్న వేసవిలో పత్రిక రెండు వైపులా అచ్చు వేశాము. మీలో చాలామంది ఫోన్ చేశారు. ఒకాయన, "ఏమండీ, నాకు శుక్లాల ఆపరేషన్ అయింది బాగుపడదామని. మీ పత్రిక చూస్తే మళ్ళీ వచ్చాయేమోనని భయం వేసింది" అన్నారు. పల్చటి కాగితంలో అటువైపు అక్షరం ఇటువైపు కనపడుతుంది. ముప్పై ఏళ్ళ వాడికి అది చిన్న ఇబ్బంది. డెబ్బై అయిదేళ్ళ కళ్ళకు అది చదవలేని కాగితం. చదవలేని కాగితం ఎంత చవకైనా దండగే. అయితే ఈ దోషం ఒక్క బరువు వల్లనే కాదు. ఒకే బరువున్న రెండు కాగితాల్లో ఒకటి ఎక్కువ మరుగు ఇవ్వవచ్చు. కొనే ముందు ఒక్క కాగితం తీసుకుని దినపత్రిక మీద పరచి చూడండి. కింద అక్షరాలు చదవగలిగితే అది మనకు పనికిరాదు.

పర్యావరణ పక్షం మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళు అడిగిన ప్రశ్న సరైనదే. కాని జవాబు ఒక్క మాటలో రాదు.

మన ఊరి పేపరు మిల్లు సంగతే చూడండి. మన చిన్నతనంలో ఏజెన్సీ అడవుల నుంచి వచ్చే వెదురు మోపులు మనకు పరిచయమే. 1988 జాతీయ అటవీ విధానం, అడవి మీద ఆధారపడే పరిశ్రమలు తమకు కావలసిన కలపను వీలైనంతవరకు రైతుల ద్వారా పెంచుకోవాలని చెప్పింది. ఇవాళ మన జిల్లాలో రోడ్డు మీద పేపరు మిల్లుకు పోయే లారీల్లో మీకు కనిపించేది సరుగుడు, సుబాబుల్, జామాయిల్. అవి ఎక్కువగా రైతుల చేలల్లో పెరిగినవి. తెలంగాణలో కాగజ్‌నగర్, భద్రాచలం దగ్గర సారపాక మిల్లులకు కూడా ఈ జాతుల కలపే ప్రధానం. కనుక "ఒక కాగితం మిగిలిస్తే అడవిలో ఒక చెట్టు బతికినట్టే" అన్న నినాదం మన ప్రాంతానికి అక్షరాలా వర్తించదు. అలాగని దుబారా చేయమని కాదు. చెట్టు రైతుదే అయినా దాన్ని గుజ్జు చేయడానికి నీళ్ళు కావాలి, బొగ్గు కావాలి, రసాయనాలు కావాలి. ఆ నీళ్ళు మన నదులవే.

తెలుపు సంగతి కూడా అంతే. గుజ్జు సహజంగా గోధుమ రంగులో ఉంటుంది. దాన్ని తెల్లబరచడానికి పూర్వం క్లోరిన్ వాయువు వాడేవారు. దాని వల్ల డయాక్సిన్లనే విష పదార్థాలు పుట్టి నీటిలో కలుస్తాయని తేలాక పద్ధతులు మారాయి. క్లోరిన్ వాయువు లేకుండా చేసే దాన్ని ఇ.సి.ఎఫ్. అంటారు. క్లోరిన్ సంబంధమే లేకుండా చేస్తే టి.సి.ఎఫ్. అంటారు. కవరు మీద ఈ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. మల్లెపువ్వులాంటి తెలుపు కోసం వెంపర్లాడకండి. కొంచెం మీగడ రంగు కాగితం మీద నల్లటి అక్షరం కంటికి హాయి.

ఇక గుర్తులు. కవరు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి 'ఎకో' అని రాసినంత మాత్రాన నమ్మకండి. బొమ్మ ఎవరైనా వేయవచ్చు. 1993లో మొదలైన ఎఫ్.ఎస్.సి. అనే అంతర్జాతీయ సంస్థ గుర్తుకైతే పక్కన సంఖ్యతో కూడిన కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ను బట్టి కంపెనీని సరిచూసుకోవచ్చు. అందులోనూ మూడు రకాలున్నాయి. 'నూరు శాతం' అంటే ధ్రువీకరించిన తోటల కలప. 'రీసైకిల్డ్' అంటే తిరిగి వాడిన గుజ్జు. 'మిక్స్' అంటే కలగలుపు. మన కేంద్ర ప్రభుత్వం 1991లోనే ఎకోమార్క్ పథకం ప్రారంభించి దానికి మట్టికుండను గుర్తుగా పెట్టింది. 2024లో దానికి కొత్త నిబంధనలు వచ్చాయి. ఇవి కాక, తమిళనాడులో కరూరు జిల్లాలోని ప్రభుత్వ రంగ మిల్లు చెరకు పిప్పితో కాగితం చేస్తున్నది. పంజాబులో గోధుమ గడ్డితో చేస్తున్న మిల్లు ఉంది. చెరకు పిప్పి కాగితం మన ప్రింటరులో నేను వాడి చూశాను. ఏ ఇబ్బందీ రాలేదు.

రీసైకిల్ కాగితం ప్రింటరును పాడు చేస్తుందని ఒక అపోహ ఉంది. చేతిపనిగా చేసిన గరుకు కాగితం పాడు చేయవచ్చు. కాపియర్ కోసమని తయారైన రీసైకిల్ కాగితం చక్కగా పనిచేస్తుంది. దుమ్ము రాలకుండా, అంచులు శుభ్రంగా కోసి ఉంటే చాలు. అయితే కాగితం పోగును ఎన్నిసార్లయినా తిప్పి వాడలేము. తిప్పిన కొద్దీ పోగు పొట్టిదై బలం తగ్గుతుంది. కనుక లోకంలో ఎక్కడో ఒకచోట కొత్త గుజ్జు కలపక తప్పదు.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. మన పత్రిక ఎనిమిది పేజీలు, నాలుగు వందల ప్రతులు. ఒకవైపే అచ్చు వేస్తే నెలకు 3,200 కాగితాలు. 80 జి.ఎస్.ఎం. అయితే 16 కిలోలు. రెండు వైపులా వేస్తే 1,600 కాగితాలు, 8 కిలోలు. అంటే నెలకు 8 కిలోలు, ఏడాదికి 96 కిలోలు మిగులు. ఆ తరువాత 80 నుంచి 75కు దిగితే ఇంకా మిగిలేది నెలకు అరకిలో మాత్రమే. 70కి దిగితే మరో అరకిలో. ఆ చివరి అరకిలో కోసం అటువైపు అక్షరం ఇటువైపు కనపడి మీరు పత్రిక పక్కన పడేస్తే మిగతా ఏడు కిలోలూ చెత్తబుట్ట పాలు. ఇదండీ నా తీర్పు. ఏ రకం కాగితం కొన్నామన్నది ముఖ్యమే. కాని అచ్చు వేసిన కాగితం తన పని తాను చేసిందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. మళ్ళీ అచ్చు వేయవలసి వచ్చిన కాగితమే అన్నిటికన్నా పర్యావరణానికి చేటు. రాలిపోయిన అక్షరం కోసం అయిదు నెలలు బస్సుల్లో తిరగడం అంతకన్నా చేటు.

కొన్న కాగితాన్ని కాపాడుకోవడం మరో సగం పని. గోదావరికి వరదొచ్చే రోజుల్లో మన ఊళ్ళో ఉప్పు కూడా నీరవుతుంది. కాగితం అంతకన్నా త్వరగా చెమ్మ పీలుస్తుంది. చెమ్మ పట్టిన కాగితం ఫ్యూజర్ వేడికి చుట్టుకుపోతుంది, లోపల ఇరుక్కుంటుంది, అచ్చు మసకగా వస్తుంది. రీముకు పైన ఉన్న కవరు అందంకోసం కాదు, చెమ్మ రాకుండా. వాడేటప్పుడే విప్పండి. మిగిలినది మళ్ళీ అదే కవరులో చుట్టండి. నేల మీద పెట్టకండి, గోడకు ఆనించకండి, చెక్క మీద బోర్లా పడుకోబెట్టండి. ట్రేలో పెట్టే ముందు కట్టను విసనకర్రలా ఒకసారి విప్పి సర్దండి. కొన్ని కవర్ల మీద బాణం గుర్తు ఉంటుంది. ముందు ఏ వైపు అచ్చు వేయాలో అది చెబుతుంది.

ఒకవైపు వాడిన కాగితాన్ని తిరగేసి ప్రింటరులో పెట్టడం పొదుపే గాని, స్టేపుల్ పిన్ను మరిచారో యంత్రానికి ముప్పు. వంకర తిరిగినవి ఇరుక్కుంటాయి. ఇంక్‌జెట్‌లో అచ్చయినవి అసలే వద్దు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వాటిని కుట్టి చిత్తు పుస్తకాలు చేసి మనవలకు ఇవ్వండి, లెక్కలు చేసుకుంటారు.

ఇంకొక ముఖ్యమైన మాట. మీ పెన్షన్ ఉత్తర్వులు మెత్తటి మెరిసే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఉంటే ఇంటికి వెళ్ళగానే తీసి చూడండి. పి.వి.సి. అనే ఆ ప్లాస్టిక్‌లో ఉండే పదార్థాలు టోనరును మెత్తబరుస్తాయి. ఏళ్ళ తరబడి ఉంచితే అక్షరాలు కాగితాన్ని వదిలి కవరుకు అంటుకుంటాయి. మామూలు కాగితపు కవరులో, మడత లేకుండా, ఫైలులో పెట్టండి. బ్యాంకు ఏ.టి.ఎం. చీటీల వంటివి వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి, కొన్నాళ్ళకు వెలిసిపోతాయి. అవసరమైనవి వెంటనే జిరాక్స్ తీయించుకోండి. ముప్పై ఏళ్ళు ఉండవలసిన పత్రానికి ఆమ్ల రహిత కాగితం వాడాలి. మన పాత సర్వీసు రిజిస్టర్లు పసుపెక్కి, అంచులు అప్పడంలా విరిగిపోవడానికి పెద్ద కారణం ఆ కాగితంలోని ఆమ్లమే.

చివరిగా సంఘం ముందు నా ప్రతిపాదనలు.

ఒకటి: పత్రికకు 75 జి.ఎస్.ఎం. కాపియర్ కాగితం, మరుగు పరీక్షించి కొనాలి. ధర అందుబాటులో ఉంటే పిప్పి కాగితం గాని, నమ్మదగిన గుర్తున్న రీసైకిల్ కాగితం గాని వాడాలి. రెండు వైపులా అచ్చు వేయాలి. పొదుపు పేరుతో అక్షరం సైజు మాత్రం తగ్గించకూడదు.

రెండు: వాట్సాప్‌లో చాలు అన్న సభ్యులకు కాగితం ప్రతి ఆపాలి. అయితే వారు అడిగితేనే. ఫోన్ చూడలేని పెద్దలకు, ఒంటరిగా ఉంటున్న సోదరీమణులకు పత్రిక చేతికి అందవలసిందే. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక మనం బతికే ఉన్నామని చెప్పడానికి కాగితం అక్కరలేకుండా పోయింది, సంతోషం. కాని సాటి మనిషి మనల్ని మరచిపోలేదని చెప్పడానికి ఇంకా కాగితం కావాలి.

మూడు: అర్జీలు, హక్కు పత్రాలు మామూలు నునుపు కాగితం మీదే అచ్చు వేయాలి. అచ్చయిన మొదటి ప్రతిని మడిచి, మడత మీద వేలితో రుద్ది చూడాలి. పొడి రాలితే మిగతావి ఆపి, కాగితం చెమ్మో, యంత్రంలో అమరికో సరిచూడాలి. ఈ పరీక్షకు పట్టేది అర నిమిషం.

నాలుగు: పాడైన కాగితాలు తగలబెట్టకుండా, తడవకుండా పోగుచేసి పాత కాగితాలు కొనేవారికి ఇవ్వాలి. అవి మళ్ళీ గుజ్జవుతాయి. వచ్చిన సొమ్ము సంఘం టీ ఖర్చుకు వేసుకుంటే కోశాధికారిగారు కూడా సంతోషిస్తారు.

మిత్రులారా, నకారా తీర్పు మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు మన ఇంటికి చేరేది ఒక కాగితం రూపంలో. మన తరువాత మన ఇల్లాలు ఆ కాగితాన్ని పట్టుకుని ఏదో ఒక బల్ల ముందు నిలబడవలసి రావచ్చు. ఆ రోజున అందులోని అంకె చదవడానికి వీలుగా ఉండాలి. ఇంటికి వెళ్ళి మీ మీ పెట్టెలు తెరిచి చూడండి. మడతల దగ్గర అక్షరం పల్చబడి ఉంటే రేపే నకలు తీయించి, దాన్ని సరిచూపించి సంతకం చేయించుకోండి. ఆలస్యం చేయకండి. చేతకాకపోతే మన సంఘం ప్రింటరు ఉంది, నేనూ ఉన్నాను. మంగళ, శుక్రవారాల్లో ఉదయం పదకొండు గంటల నుంచి ఆఫీసులోనే ఉంటాను.